మినిట్: ఒకే స్పెల్లింగు, నాలుగు అర్థాలు, ఒకే లాటిన్ మూలం – తరచుగా అడిగే ప్రశ్నలు

గడియారంలో మినిట్, మీటింగ్ మినిట్స్, మ్యాపు మీద డిగ్రీ పక్కన వచ్చే మినిట్, "మైన్యూట్‌గా చూడాలి" అనేటప్పటి మైన్యూట్. ఇంగ్లీషులో ఈ నాలుగింటి స్పెల్లింగూ ఒకటే: ఎం–ఐ–ఎన్–యు–టి–ఇ. విద్యార్థులు, అనువాదకులు, సంఘాల కార్యదర్శులు, టైమ్‌షీట్లు నింపే ఉద్యోగులు ఈ మాట గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. లాటిన్, గ్రీకు మాటలను ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలోనే రాశాం.

మూలం

ఈ మాటకు అసలు అర్థం ఏమిటి?

చిన్నది. లాటిన్‌లో 'మినుఎరె' అంటే తగ్గించడం, చిన్నది చేయడం. దాని నుంచి వచ్చిన విశేషణం 'మినూటుస్': చిన్నదిగా చేసిన, సన్నని. స్త్రీలింగంలో 'మినూటా'. భాగం అనే అర్థమున్న 'పార్స్' లాటిన్‌లో స్త్రీలింగం కాబట్టి, చిన్న భాగాన్ని 'పార్స్ మినూటా' అన్నారు. కాలం ఊసు ఇందులో ఎక్కడా లేదు. తర్వాత చెప్పుకునే అర్థాలన్నీ ఈ 'చిన్నది' నుంచే పుట్టాయి.

మరి కాలంతో ముడి ఎలా పడింది?

ముడి పడింది ముందు కాలంతో కాదు, వృత్తంతో. బాబిలోనియా వాళ్లు భిన్నాలను 60 ఆధారంగా లెక్కపెట్టేవారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ అదే పద్ధతిలో డిగ్రీని 60 ముక్కలు చేశాడు. ఆ ముక్కలకు గ్రీకులో పేరు 'మొదటి అరవయ్యో వంతులు'. ఒక్కో ముక్కను మళ్లీ 60 చేస్తే వచ్చేవి 'రెండో అరవయ్యో వంతులు'. టాలెమీ ఖగోళ గ్రంథం అరబిక్‌లోకి వెళ్లింది. అరబిక్‌లో మినిట్‌ను 'దకీకా' అంటారు, అంటే సన్ననిది. సెకండ్‌ను 'సానియా' అంటారు, అంటే రెండవది. 1175లో స్పెయిన్‌లోని టొలెడోలో క్రెమోనా జెరార్డ్ ఆ గ్రంథాన్ని అరబిక్ నుంచి లాటిన్‌లోకి దించాడు. లాటిన్‌లో స్థిరపడిన పేర్లు ఇవి: 'పార్స్ మినూటా ప్రీమా', అంటే మొదటి చిన్న భాగం, 'పార్స్ మినూటా సెకుండా', అంటే రెండో చిన్న భాగం. వాడుకలో మొదటి పేరు 'మినూటా'గా, రెండో పేరు 'సెకుండా'గా కురచ అయ్యాయి. డిగ్రీకి వాడిన విభజననే గంటకూ వాడారు. ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివరికి ఈ మాట ఇంగ్లీషులో చేరింది.

అంతకు ముందు ఐరోపా మఠాల్లో పండుగల తేదీలు లెక్కకట్టేవాళ్లకు వేరే 'మినూటుం' ఉండేది. అది గంటలో పదో వంతు, అంటే మన లెక్కలో ఆరు నిమిషాలు. అందుకే పాత లాటిన్ రాతల్లో 'మినూటుం' కనపడగానే 60 సెకన్లు అనుకుంటే లెక్క తప్పుతుంది. వాళ్ల 'మొమెంటుం' గంటలో 40వ వంతు, అంటే 90 సెకన్లు. ఇప్పటి ఇంగ్లీషు 'మూమెంట్' అదే మాట, కొలత మాత్రం పోయింది.

సెకండ్ అంటే రెండవది కదా, ఏ లెక్కన రెండవది?

పైన చెప్పిందే, రెండోసారి 60 చేసిన ముక్క. 'సెకుండుస్' అనే లాటిన్ మాట 'సెక్వి' నుంచి వచ్చింది. అంటే వెంట రావడం. మొదటిదాని వెంట వచ్చేది రెండోది. సీక్వెన్స్, సీక్వెల్, కాన్సిక్వెన్స్ ఈ కుటుంబంలోవే.

మూడో ముక్క ఎందుకు లేదు?

ఉండేది. సెకండ్‌లో 60వ వంతు 'టెర్షియా', దానిలో 60వ వంతు 'క్వార్టా'. 1267లో ఇంగ్లండు పండితుడు రోజర్ బేకన్ పౌర్ణమి ఘడియలను గంటలు, మినిట్లు, సెకన్లు, మూడోవి, నాలుగోవి దాకా లెక్కకట్టి రాశాడు. అంత సన్నటి ముక్కను చూపించే గడియారం అప్పట్లో లేదు, అది కాగితం మీది లెక్క. నిజంగా కొలిచే రోజులు వచ్చేసరికి దశాంశ పద్ధతి పాతుకుపోయింది. అందుకే సెకండ్ దిగువన మిల్లీ సెకండ్లు, మైక్రో సెకండ్లు వచ్చాయి. ఒకే కొలతలో పైన 60 లెక్క, కింద 10 లెక్క ఉండటానికి కారణం ఇదే.

100 పెట్టుకుంటే సులువు కదా, 60 ఎందుకు?

60ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు 12 ఉన్నాయి: 1, 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30, 60. వందకు 9 మాత్రమే. ముఖ్యంగా వందను మూడుతో భాగించలేం. ఫ్రెంచి విప్లవకారులు 1793లో రోజుకు 10 గంటలు, గంటకు 100 మినిట్లు అని చట్టమే చేశారు. 1795లో దాన్ని పక్కన పెట్టారు.

పాత గడియారాల్లో మినిట్ ముల్లు ఉండేదా?

చాలావాటికి ఒకటే ముల్లు, గంటలది. రోజుకు పావుగంట అటూ ఇటూ పోయే యంత్రానికి మినిట్ ముల్లు పెట్టి లాభం లేదు. 1656లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ లోలకంతో గడియారం తయారు చేశాక ఆ తేడా బాగా తగ్గింది. ఆ తర్వాతే పెద్ద ముల్లు మామూలైంది. అంటే మినిట్ అనే మాట పుట్టిన చాలా శతాబ్దాల దాకా మామూలు జనం దాన్ని గడియారంలో చూడలేదు.

మినిట్‌కు ఎప్పుడూ 60 సెకన్లేనా?

దాదాపు ఎప్పుడూ. భూభ్రమణంలో వచ్చే తేడా సర్దడానికి 1972 నుంచి ఇప్పటిదాకా 27 సార్లు లీప్ సెకండ్ కలిపారు. ఆ మినిట్‌కు 61 సెకన్లు. చివరిది 2016 డిసెంబరు 31 అర్ధరాత్రికి ముందు, గ్రీన్విచ్ లెక్కన కలిపారు. మనకు అది 2017 జనవరి 1 ఉదయం 5 గంటల 29 నిమిషాల 60వ సెకనుగా వచ్చింది. సర్వర్ల గడియారాలు ఈ అదనపు సెకనుతో తికమక పడుతున్నాయని, 2035 నాటికి ఈ పద్ధతి మార్చాలని 2022లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ తీర్మానించింది.

మన భాషలో, మన పంచాంగంలో

నిమిషం, మినిట్ ఒకే మూలం నుంచి వచ్చాయా?

లేదు. 'నిమి', 'మిని' అక్షరాలు తిరగేసినట్టు ఉండటం కాకతాళీయం. సంస్కృతంలో నిమేషం అంటే రెప్పపాటు. రెప్ప వేయరు కాబట్టే దేవతలు అనిమిషులయ్యారు. విష్ణుపురాణం లెక్కలో 15 నిమేషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కళ, 30 కళలు ఒక ముహూర్తం. ముహూర్తం 48 నిమిషాలు కాబట్టి పాత నిమేషం సుమారు 0.21 సెకను. గంటలో 60వ వంతుకు తెలుగులో పేరు కావలసి వచ్చినప్పుడు ఈ మాటనే తీసుకున్నారు. దాంతో కొలత దాదాపు 280 రెట్లు పెరిగింది. కాబట్టి పురాణాల్లో 'నిమిషమాత్రమున' అని ఉంటే దాన్ని అరవై సెకన్లని అనువదించకూడదు. నిమిషం, నిముషం రెండూ వాడుకలో ఉన్నాయి. ఒక రచనలో ఏదో ఒకటే పాటిస్తే చాలు.

మరి మినిట్‌కు మన భాషలో చుట్టమే లేదా?

ఉంది, చాలామంది గమనించరు: 'లిప్త'. లిప్తపాటు, లిప్తకాలం అంటాం కదా, అదే. గ్రీకులో 'లెప్టోస్' అంటే సన్నని, చిన్న. గ్రీకు జ్యోతిషంతో పాటు ఆ మాట సంస్కృతంలోకి 'లిప్తా'గా వచ్చి, డిగ్రీలో 60వ వంతుకు పేరైంది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు వాడాడు. దానిలో 60వ వంతు విలిప్త. సంస్కృతంలో లిప్తకు 'కళ' అనే సొంత పేరు కూడా ఉంది. పైన పురాణ లెక్కలో వచ్చిన కళ వేరు. నేటి గ్రీకు భాషలో ఇప్పటికీ మినిట్‌ను 'లెప్టో' అంటారు. గ్రీసులో యూరో సెంటుకు కూడా అదే పేరు. అంటే లాటిన్ 'మినూటా', అరబిక్ 'దకీకా', మన 'లిప్త' మూడూ ఒకే భావానికి మూడు రూపాలు. తేడా ఏమిటంటే లాటిన్, అరబిక్ అనువదించుకున్నాయి, మనం ఉన్న మాటనే తెచ్చుకున్నాం. పంచాంగంలో కనపడే 'హోర', ఇంగ్లీషు 'అవర్' కూడా ఒకే గ్రీకు మాట 'హోరా' బిడ్డలు.

పంచాంగంలో 12–30 అని ఉంటే అది ఎన్ని గంటలు?

ముందు ఆ పంచాంగం ఏ లెక్కలో వేశారో చూడాలి. గం., ని. అని ఉంటే గంటలు, నిమిషాలు. ఘ., విఘ. అని ఉంటే ఘడియలు, విఘడియలు. ఘడియ అంటే 24 నిమిషాలు, విఘడియ అంటే 24 సెకన్లు. రెండున్నర ఘడియలు ఒక గంట. 12 ఘడియల 30 విఘడియలు అంటే పన్నెండున్నర ఘడియలు. దాన్ని 24తో గుణిస్తే 300 నిమిషాలు, అంటే 5 గంటలు. అది కూడా సూర్యోదయం నుంచి. ఆ రోజు సూర్యోదయం 5.50కి అయితే తిథి 10.50 వరకు ఉన్నట్టు. చాలామంది దీన్ని నేరుగా మధ్యాహ్నం పన్నెండున్నర అని చదివేస్తారు. గంటా నలభై నిమిషాల తేడా వస్తుంది. సూర్యోదయం కూడా మీ ఊరిదే తీసుకోవాలి. అమెరికాలో ఉంటూ హైదరాబాద్ పంచాంగం చూసేవాళ్లకు గంటల్లోకి మార్చుకున్నా సరిపోదు, తిథి ముగిసే క్షణాన్ని భారత కాలం నుంచి వాళ్ల ఊరి కాలానికి దించుకోవాలి.

ఉచ్చారణ, వ్యాకరణం

మినిట్ అనాలా, మైన్యూట్ అనాలా?

కాలం, కోణం, మీటింగ్ రికార్డు అయితే 'మినిట్', ఊనిక మొదటి అక్షరం మీద. అతి సూక్ష్మమైన అనే విశేషణం అయితే 'మైన్యూట్', ఊనిక చివరి అక్షరం మీద. అమెరికాలో రెండోదాన్ని 'మైనూట్' అంటారు. గుర్తుపట్టే తీరు: ముందు అంకె గానీ, 'ఎ', 'ఎవ్రీ', 'లాస్ట్' లాంటివి గానీ ఉండి, వెనక మరో నామవాచకం లేకపోతే సాధారణంగా అది మినిట్. వెనక డీటెయిల్స్, పార్టికల్స్, క్వాంటిటీ లాంటి మాట ఉంటే మైన్యూట్. 'మైన్యూట్ క్వాంటిటీ'ని 'మినిట్ క్వాంటిటీ' అని చదివితే వినేవాళ్లకు అర్థమే కాదు. సైన్సు పాఠాలు చెప్పేవాళ్లు దీన్ని మొదటిరోజే సరిచేయడం మంచిది.

'టెన్ మినిట్స్ బ్రేక్' తప్పా?

రాతలో తప్పు. బ్రేక్‌కు విశేషణంగా వచ్చినప్పుడు ఏకవచనం, మధ్యలో హైఫన్: 'టెన్-మినిట్ బ్రేక్'. షష్ఠిలో అయితే బహువచనం, దాని తర్వాత అపాస్ట్రఫీ: 'టెన్ మినిట్స్ వాక్'. మనం తెలుగులో 'పది నిమిషాల విరామం' అని బహువచనంతోనే అంటాం కాబట్టి ఈ తప్పు మనకు సులువుగా దొర్లుతుంది.

పొట్టి రూపం ఎలా రాయాలి?

కాలానికి అంతర్జాతీయ గుర్తు ఎం–ఐ–ఎన్, మూడు చిన్నక్షరాలు. చివర ఎస్ వద్దు, చుక్క వద్దు. ఒక్క ఎం అక్షరం రాస్తే అది మీటరు. కోణానికి ఒక ఏటవాలు గీత (′), సెకన్‌కు రెండు (″). ఇవే గుర్తులు అడుగులకు, అంగుళాలకు కూడా వాడతారు. అందుకే ప్లాన్ డ్రాయింగులో కోణాలు, కొలతలు పక్కపక్కన వచ్చినప్పుడు డిగ్రీ గుర్తు వదిలేయకండి. తెలుగులో 'ని.' చాలు.

మీటింగ్ మినిట్స్

మీటింగ్ రికార్డును మినిట్స్ అని ఎందుకంటారు? నిమిష నిమిషం రాస్తారనా?

కాదు. ఇది కూడా 'చిన్నది' నుంచే వచ్చింది. మధ్యయుగపు లాటిన్‌లో 'మినూటా' అంటే చిత్తుప్రతి, గబగబా సన్నటి రాతలో పెట్టుకున్న నోటు. ఆ తర్వాత దాన్ని పెద్ద అక్షరాల్లో సాఫు చేసేవారు. ఆ సాఫుప్రతి తయారీకి ఇంగ్లీషు చట్టభాషలో 'ఎన్‌గ్రాస్' అనే క్రియ ఉంది, మూలార్థం 'పెద్దదిగా'. మనం ఇప్పుడు సంతకం పెట్టే తుది ప్రతికి చిత్తుప్రతి పేరే మిగిలిపోయింది. ఈ అర్థంలో మాట ఎప్పుడూ బహువచనం. 'ఎ మినిట్ ఆఫ్ ద మీటింగ్' అనరు.

'మెకాలే మినిట్' కూడా ఇదేనా? అది ఏకవచనం కదా.

దగ్గరి చుట్టం. బ్రిటిష్ పాలనలో అధికారి లేదా కౌన్సిల్ సభ్యుడు తన అభిప్రాయాన్ని రాసి ఫైల్లో పెట్టే పత్రం పేరు మినిట్. 1835 ఫిబ్రవరి 2 నాటి మెకాలే మినిట్ మన దేశంలో ఇంగ్లీషు చదువుల గురించి. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉండి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1822 జూన్ 25న రాసిన మినిట్ వల్లే మద్రాసు ప్రెసిడెన్సీలో బడుల లెక్కలు తీశారు. తెలుగు జిల్లాల వీధి బడుల గురించి చరిత్రకారులకు దొరికే సమాచారంలో చాలా భాగం ఆ లెక్కలదే. తెలుగులో 'మెకాలే మినిట్' అనో, 'అభిప్రాయ పత్రం' అనో రాయవచ్చు. యంత్రానువాదం దీన్ని 'మెకాలే నిమిషం' చేస్తే కొట్టేయండి.

మినిట్స్‌లో ఏం రాయాలి?

పొదుపు సంఘం మినిట్స్ పుస్తకమైనా, అపార్ట్‌మెంట్ అసోసియేషనైనా, కంపెనీ బోర్డు అయినా అస్థిపంజరం ఒకటే. తేదీ, స్థలం, మొదలైన సమయం, అధ్యక్షత వహించినవారు, హాజరైనవారి పేర్లు, రానివారి పేర్లు, కోరం (ఉండాల్సిన కనీస హాజరు) ఉందో లేదో. తర్వాత గత సమావేశపు మినిట్స్ ఆమోదం. ఆపైన అజెండాలోని ఒక్కో అంశానికి వరుస నంబరు వేసి నాలుగు ముక్కలు: ఏం నిర్ణయించారు, ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎవరు ఎప్పటిలోగా చేయాలి. డబ్బు విషయమైతే మొత్తం అంకెల్లో, అక్షరాల్లో. వ్యతిరేకించినవాళ్లు కోరితే వాళ్ల పేరు. చివర ముగిసిన సమయం, సంతకం. బలపరిచేవారిని 'సెకండర్' అంటారు, ప్రతిపాదించినవారి వెంట వచ్చేవారని. పైన చెప్పిన 'సెక్వి' ఇక్కడా ఉంది.

ఎక్కువగా చెడేది ఎక్కడంటే, 'లిఫ్ట్ మరమ్మతు గురించి చర్చించారు' అని రాసి వదిలేయడం. ఆరు నెలల తర్వాత గొడవ వస్తే ఆ వాక్యం దేనికీ పనికిరాదు. 'లిఫ్ట్ మోటారు మార్చడానికి రూ. 85,000 (ఎనభై ఐదు వేలు) మించకుండా ఖర్చు చేయాలని, మూడు కొటేషన్లు తీసుకుని కోశాధికారి ఈ నెల 20లోగా ఆర్డరివ్వాలని తీర్మానించారు' అని ఉండాలి. రెండో చెడు అలవాటు ఎవరు ఏమన్నారో మాట మాట రాయడం. మినిట్స్ నిర్ణయాల రికార్డు, మాటల యుద్ధం రికార్డు కాదు. తప్పు దొర్లితే వైట్‌నర్ వాడకూడదు. సంతకానికి ముందైతే ఒక్క గీతతో కొట్టి పక్కన పొడి సంతకం. సంతకమయ్యాక ఏదైనా మార్చాలంటే తర్వాతి సమావేశంలో తీర్మానమే దారి. సంతకాల పైన ఖాళీ వరుసలు మిగిలితే అడ్డంగా గీత కొట్టేయండి. తర్వాత ఎవరూ ఏమీ చేర్చలేరు.

కంపెనీలకు చట్టం ఏం చెబుతోంది?

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 118. సమావేశం ముగిసిన 30 రోజుల్లోగా మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. పేజీలకు వరుస నంబర్లు ఉండాలి, ప్రతి పేజీ మీద పొడి సంతకమో పూర్తి సంతకమో, ఆఖరి పేజీ మీద తేదీతో సంతకం ఉండాలి. విడి కాగితాలు అతికించడం కుదరదు. బోర్డు మీటింగ్ అయితే కంపెనీ సెక్రటరీల సంస్థ ప్రమాణం ప్రకారం 15 రోజుల్లో చిత్తుప్రతి డైరెక్టర్లకు వెళ్లాలి, వాళ్లు 7 రోజుల్లో అభ్యంతరాలు చెప్పాలి. పాటించకపోతే కంపెనీకి రూ. 25,000, బాధ్యుడైన ప్రతి అధికారికి రూ. 5,000 జరిమానా. సంఘాలకు, సహకార సంస్థలకు వేరే చట్టాలు, వాటి సొంత బైలాలు ఉంటాయి. అవే చూసుకోవాలి.

కోణం, మ్యాపు, లెక్క

మ్యాపులో 17°30′ ఉంది. ఫోన్లో 17.30 అని కొట్టవచ్చా?

కొట్టవద్దు. మినిట్లను 60తో భాగించి డిగ్రీకి కలపాలి, సెకన్లు ఉంటే 3600తో భాగించి అదీ కలపాలి. 17°30′ అంటే 17.50. మీరు 17.30 కొడితే 0.20 డిగ్రీ దక్షిణానికి, అంటే దాదాపు 22 కిలోమీటర్లు పక్కకు పోతారు. అక్షాంశంలో ఒక మినిట్ నేల మీద సుమారు 1.85 కిలోమీటర్లు, ఒక సెకన్ సుమారు 31 మీటర్లు. నావికుల మైలు ఈ మినిట్ నుంచే పుట్టింది, 1929లో దాన్ని సరిగ్గా 1852 మీటర్లని ఖాయం చేశారు. రేఖాంశంలో మినిట్ భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ కుదించుకుపోతుంది. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర అది 1.77 కిలోమీటర్లే. స్థలం హద్దులు రాసేటప్పుడు సెకన్ల దగ్గరే ఆగిపోతే పక్కవాడి స్థలంలోకి పోవచ్చు. సెకన్లలో దశాంశాలు కూడా ఉండాలి.

కోణపు మినిట్, గడియారపు మినిట్ ఒకటేనా?

పేరు ఒకటే, కొలత వేరు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాల కాలం, ఒక గడియారపు మినిట్‌కు 15 కోణపు మినిట్లు. భారత ప్రామాణిక కాలం 82°30′ తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ ఆంధ్రప్రదేశ్‌లో తుని పరిసరాల మీదుగా పోతుంది. హైదరాబాద్ 78°29′ దగ్గర ఉంది. తేడా 4°01′, దాన్ని 4తో గుణిస్తే 16 నిమిషాల 4 సెకన్లు. కాబట్టి హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12.16కి. రోజును బట్టి ఇది ఇంకో పావుగంట వరకు అటూ ఇటూ జరుగుతుంది. విశాఖ ఆ రేఖకు తూర్పున ఉంది కాబట్టి అక్కడ సగటున 12కు మూడు నిమిషాలు ముందే.

కళ్ల డాక్టరు చెప్పే 6/6కు దీనితో సంబంధం ఉందా?

ఉంది. 6 మీటర్ల దూరం నుంచి ఒక కోణపు మినిట్ అంత సన్నటి గీతను విడిగా పోల్చగలిగితే అది 6/6 చూపు. చార్టులో ఆ వరుస అక్షరం మొత్తం ఎత్తు 5 మినిట్లు, అంటే 8.7 మిల్లీమీటర్లు. గది చిన్నదై అద్దం పెట్టకుండా 4 మీటర్లకే నిలబెట్టి అదే చార్టు చూపిస్తే చూపు ఉన్నదానికంటే మెరుగ్గా తేలుతుంది. ఆకాశంలో చంద్రబింబం వెడల్పు సుమారు 31 మినిట్లు.

టైమ్‌షీట్‌లో 7 గంటల 45 నిమిషాలను 7.45 అని రాస్తే ఏమవుతుంది?

డబ్బు పోతుంది. 45ను 60తో భాగిస్తే 0.75. అంటే 7.75 గంటలు. గంటకు రూ. 400 అయితే రావలసింది రూ. 3,100, మీరు అడిగింది రూ. 2,980. ఎక్సెల్‌లో టైమ్ ఫార్మాట్‌లో ఉన్న గడిని 24తో గుణించి, ఫలితానికి నంబర్ ఫార్మాట్ ఇస్తే 7.75 వస్తుంది. ఇంకో తిరకాసు: ఎక్సెల్ ఫార్మాట్ కోడ్‌లో ఎం అక్షరం నెలకూ మినిట్‌కూ ఒకటే. గంటల అక్షరం వెంట గానీ, సెకన్ల అక్షరానికి ముందు గానీ వస్తేనే దాన్ని మినిట్‌గా చదువుతుంది. ఒంటరిగా రాస్తే నెల నంబరు చూపిస్తుంది. నిమిషాలు రావలసిన చోట గడులన్నింటిలో 1 అనే అంకె కనపడితే కారణం ఇదే.

కుటుంబం

ఇదే మూలం నుంచి వచ్చిన మాటలు ఇంకేవి?

మైనస్, మైనర్, మినిమం, డిమినిష్ స్పష్టంగా కనపడతాయి. సాగునీటి కాలువల్లో మేజరు, మైనరు అనే మైనరు కూడా ఇదే. హోటల్ మెనూ నేరుగా 'మినూటుస్' బిడ్డ. ఫ్రెంచిలో 'మెనూ' అంటే చిన్న, వివరమైన. వంటకాల వివరమైన జాబితా. మాంసం 'మిన్స్' అంటే సన్నగా కొట్టినది. 'మినిస్టర్' లాటిన్‌లో సేవకుడు, తక్కువవాడు. దానికి ఎదురు మాట 'మగిస్టెర్', ఎక్కువవాడు. దాని నుంచి 'మాస్టర్', మన 'మాస్టారు' వచ్చాయి. ధాతువు ప్రకారం మంత్రి కంటే బడిపంతులే పెద్ద. అడ్మినిస్ట్రేషన్ కూడా మినిస్టర్ ఇంటిదే.

మినీ, మినియేచర్ కూడానా?

కాదు. అందరూ పొరబడే చోటిది. మినియేచర్ 'మినియుం' నుంచి వచ్చింది, అంటే ఎర్రటి సీసపు రంగు, సింధూరం. చేతిరాత పుస్తకాల్లో మొదటి అక్షరాలను ఆ రంగుతో దిద్దేవారు. ఆ బొమ్మలు చిన్నవి కావడం, ధ్వని 'మైనస్' కుటుంబానికి దగ్గరగా ఉండటంతో 'చిన్నది' అనే అర్థం అంటుకుంది. మినీ దాని పొట్టి రూపం. పుదీనా 'మింట్', నాణేల 'మింట్', మీనార్ వేటికీ దీనితో సంబంధం లేదు.

'మినస్క్యూల్' (అతి చిన్న) స్పెల్లింగులో ఎన్ తర్వాత ఐ వస్తుందా, యు వస్తుందా?

యు. మాట 'మైనస్' నుంచి వచ్చింది, మినీ నుంచి కాదు. 'మినీ' గుర్తొచ్చి ఐ రాసేవాళ్లు ఇంగ్లీషు దేశాల్లోనూ బోలెడు మంది ఉన్నారు. పరీక్షలో మాత్రం మార్కు పోతుంది.